పట్టిక అందరిదీ.. షెడ్యూల్ కొందరిదే!

బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో ఇప్పటిదాకా చాలా టెస్టులు జరిగాయి. వాటిలో మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ పట్టికలో ఏముందో, ఏం లేదో రెండూ తెలిసిపోతాయి.

మొదటిది 2007 డిసెంబరు నాటిది. పాకిస్థాన్‌తో సిరీస్‌లో మూడో టెస్టు. గంగూలీ 239, యువరాజ్ 169 చేశారు. మన కెప్టెన్ ఈ ఊరివాడే, అనిల్ కుంబ్లే. ఆఖరి రోజు ఐదు వికెట్లు తీసినా పాక్ ఎలాగో డ్రాతో బయటపడింది. భారత్, పాకిస్థాన్ టెస్టు ఆడటం అదే ఆఖరుసారి అవుతుందని ఆ రోజు స్టేడియంలో కూర్చున్న ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

రెండోది 2018 జూన్‌లో. అఫ్గానిస్థాన్ తన చరిత్రలో మొట్టమొదటి టెస్టు ఆడింది ఇక్కడే. రెండు రోజుల్లోనే ఇన్నింగ్స్ 262 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఓడినా దానికి టెస్టు హోదా ఉంది, ఐసీసీలో పూర్తి సభ్యత్వం ఉంది. కానీ ఏడాది తర్వాత మొదలైన టెస్టు చాంపియన్‌షిప్‌లో మాత్రం చోటు దక్కలేదు. ఐర్లాండ్, జింబాబ్వేలదీ అదే పరిస్థితి.

మూడోది ఎవరూ మరిచిపోని టెస్టు. 2024 అక్టోబరు 17, న్యూజిలాండ్ మీద భారత్ 46 పరుగులకు ఆలౌట్. సొంతగడ్డ మీద మన అత్యల్ప స్కోరు అది. ఆ మ్యాచ్‌లో న్యూజిలాండ్ తరఫున 134 కొట్టిన రచిన్ రవీంద్ర తల్లిదండ్రులది బెంగళూరే. కుర్రప్పుడు తన క్లబ్ జట్టుతో అనంతపురం ఆర్డీటీ మైదానాలకు వచ్చి ఆడినవాడు. రెండో ఇన్నింగ్స్‌లో సర్ఫరాజ్ ఖాన్ 150, పంత్ 99 చేసినా గట్టెక్కలేదు. తర్వాత పుణె, ముంబైల్లోనూ ఓడి సిరీస్ 0-3గా పోగొట్టుకున్నాం. అంతకుముందు 74.24 శాతంతో పట్టికలో పైన ఉన్న జట్టు మూడే మ్యాచ్‌ల్లో 58.33కి పడిపోయింది.

ఆడని మ్యాచ్ ఒకటి, లెక్కలోకి రాని జట్టు ఒకటి, లెక్కలోకి వచ్చిన ఓటమి ఒకటి. రెండేళ్లకోసారి 'ప్రపంచ చాంపియన్' ఎవరో తేల్చే పట్టికకు పునాది ఇదే.

ఈ చర్చ మళ్లీ ఇప్పుడెందుకంటే, 2025 నవంబరులో దక్షిణాఫ్రికా మన దేశానికి వచ్చి రెండు టెస్టులూ గెలిచి వెళ్లింది. కోల్‌కతాలో 124 లక్ష్యం ముందు మనం 93కే కుప్పకూలాం. గువాహటిలో 408 పరుగుల తేడాతో ఓడాం. పరుగుల పరంగా మనకు ఇంతకంటే పెద్ద టెస్టు ఓటమి లేదు. దక్షిణాఫ్రికా ఇక్కడ సిరీస్ గెలవడం 2000 తర్వాత ఇదే. (ఆ 2000 సిరీస్‌లో రెండో టెస్టు కూడా బెంగళూరులోనే. మన హైదరాబాదీ అజారుద్దీన్ తన 99వ, ఆఖరి టెస్టు ఆడి సెంచరీ చేసింది అందులోనే.) ఆ సిరీస్ ముగిశాక పట్టికలో భారత్ 48.15 శాతం దగ్గర నిలిచింది.

విశేషమేమిటంటే, అంతకు ఏడాది ముందు ఇదే దక్షిణాఫ్రికాను అందరం తక్కువ చేసి మాట్లాడాం. మారతహళ్లి పీజీల్లో, మడివాళ మెస్సుల్లో మన కుర్రాళ్లు ఏమనేవారో గుర్తు చేసుకోండి. 'వాళ్లకేం, తేలిక జట్లతో ఆడి ఫైనల్‌కు పోతున్నారు' అనేగా! మేమూ అన్నాం. ఆ మాటలో కొంత నిజం ఉంది. నేరం మాత్రం మనం వేలు చూపించిన చోట లేదు.

శాతం లెక్క ఎలా వచ్చింది?

2019 ఆగస్టులో చాంపియన్‌షిప్ మొదలైనప్పుడు నియమం వేరు. తొమ్మిది జట్లు, రెండేళ్లు, ఒక్కొక్కరికి ఆరు సిరీస్‌లు. మూడు సొంతగడ్డ మీద, మూడు బయట. ప్రతి సిరీస్‌కు 120 పాయింట్లు. రెండు టెస్టుల సిరీస్ అయితే ఒక్క గెలుపుకు 60, ఐదు టెస్టుల సిరీస్ అయితే 24. అంటే ఇంగ్లండ్‌లో ఎండా వానా చూసుకుని ఐదు టెస్టుల పోరులో సాధించిన విజయం కంటే, రెండు టెస్టుల సిరీస్‌లో వచ్చిన విజయం రెండున్నర రెట్లు విలువైనది!

కొవిడ్ వచ్చి సిరీస్‌లు రద్దయ్యాక 2020 నవంబరులో ఆ పద్ధతి మార్చారు. ఆడిన మ్యాచ్‌ల్లో దక్కాల్సిన పాయింట్లలో ఎంత శాతం దక్కాయన్నదే కొలమానం అయింది. ఆ సిఫారసు చేసిన ఐసీసీ క్రికెట్ కమిటీకి అధ్యక్షుడు కుంబ్లేనే. మార్పు ఫలితం మొదట మన మీదే పడింది. 360 పాయింట్లతో మొదటి స్థానంలో ఉన్న భారత్ 75 శాతం దగ్గర ఆగితే, 296 పాయింట్లే ఉన్న ఆస్ట్రేలియా 82.2 శాతంతో పైకి వెళ్లింది. చాలామంది గగ్గోలు పెట్టారు. మా ఉద్దేశంలో కుంబ్లే కమిటీ చేసింది సరైన పనే. ఆడని మ్యాచ్‌కు ఎవరినీ శిక్షించలేం కదా. 2021 నుంచి గెలుపుకు 12, టైకి 6, డ్రాకు 4 అని సిరీస్ నిడివితో సంబంధం లేకుండా చేశారు.

ఎన్ని ఆడారన్న తేడాను శాతం సరిచేసింది. ఎవరితో ఆడారన్న తేడాను అది ముట్టుకోలేదు.

2023-25 పట్టిక చూడండి. ఇంగ్లండ్ 22 టెస్టులు ఆడింది. భారత్, ఆస్ట్రేలియా చెరి 19. దక్షిణాఫ్రికా 12. ఆరు సిరీస్‌లూ రెండేసి మ్యాచ్‌లే. ఆస్ట్రేలియాతో గానీ ఇంగ్లండ్‌తో గానీ ఒక్క టెస్టూ లేదు. న్యూజిలాండ్‌కు అయితే సొంత టీ20 లీగ్ కోసం ప్రధాన ఆటగాళ్లను ఇంట్లో ఉంచుకుని, అప్పటిదాకా టెస్టే ఆడని నీల్ బ్రాండ్‌ను కెప్టెన్‌గా పంపారు. రెండూ ఓడారు. అయినా వెస్టిండీస్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్థాన్‌ల మీద వరుసగా గెలిచి 69.44 శాతంతో అగ్రస్థానంలో నిలిచారు. 13 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా 67.54. భారత్ సరిగ్గా 50.

మనకు మండింది ఇక్కడే. తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు ఈఏపీసెట్ రాస్తే ఒక పూట పేపరు తేలికగా, ఇంకో పూట కష్టంగా వచ్చిందని మార్కులను నార్మలైజ్ చేస్తారు. తల్లిదండ్రులు దాని మీద ఎంత సణిగినా, అలా చేయకుంటే ఊరుకోరు. మరి టెస్టు పట్టికకు నార్మలైజేషన్ ఎందుకు లేదు? ఇంకా విడ్డూరం, ఇదే ఐసీసీ ప్రకటించే టెస్టు ర్యాంకింగ్స్‌లో అది ఉంది. డేవిడ్ కెండిక్స్ రూపొందించిన ఆ పద్ధతిలో బలమైన జట్టును ఓడిస్తే ఎక్కువ, బలహీనమైన జట్టును ఓడిస్తే తక్కువ. ఒకే సంస్థ దగ్గర రెండు తక్కెడలు. ప్రత్యర్థి బరువు చూసే తక్కెడతో ర్యాంకు ఇస్తారు, చూడని తక్కెడతో గద ఇస్తారు.

అయితే బరువు చూసే తక్కెడే పెడితే పోదా అంటే, దాని సంగతి అమెరికాలో చదువుతున్న మన పిల్లలను అడగండి. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్నవాళ్లకు కాలేజీ ఫుట్‌బాల్ గొడవ ప్రతి డిసెంబరులో చెవిన పడేదే. కాళ్లతో ఆడే ఫుట్‌బాల్ కాదు, వాళ్ల సొంత ఆట. పెద్ద స్థాయిలోనే 130కి పైగా యూనివర్సిటీ జట్లు. ఒక్కొక్కటి సీజన్‌లో ఆడేది పన్నెండు మ్యాచ్‌లు, అవీ ఎక్కువగా తమ కాన్ఫరెన్స్‌లోని జట్లతోనే. అందరూ అందరితో ఆడటం జరగని పని. అందుకే 13 మంది కమిటీ కూర్చుని ఎవరు ఎవరితో ఆడారు, ఎలా గెలిచారు అని తూకం వేసి ర్యాంకులు ఇస్తుంది. 2023లో ఫ్లోరిడా స్టేట్ జట్టు ఆడిన 13కు 13 గెలిచి తన కాన్ఫరెన్స్ టైటిల్ కూడా సాధించింది. అయినా నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో చోటు ఇవ్వలేదు. ఒక మ్యాచ్ ఓడిన అలబామాను తీసుకున్నారు. ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడన్నది కమిటీ చెప్పిన కారణం. వాళ్ల కాన్ఫరెన్స్ అంత గట్టిది కాదన్న అభిప్రాయం సరేసరి. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో ఆ జట్టు చాలామంది ఆటగాళ్లు లేకుండానే బరిలో దిగి జార్జియా చేతిలో 3-63తో చిత్తయింది. కమిటీ మాటే నిజమైందని కొందరు, మనసు విరిగిన జట్టు అలాగే ఆడుతుందని ఇంకొందరు. మరుసటి ఏడాది నుంచి ప్లేఆఫ్‌ను 12 జట్లకు పెంచారు. గొడవ ఆగలేదనుకోండి.

అంటే, ఎవరితో ఆడారో చూడకపోతే ఒక అన్యాయం. చూస్తే ఇంకో అన్యాయం. గట్టి జట్లు ఎవరితో ఆడాలో వాళ్లే ఎంచుకుంటున్నప్పుడు, పిలుపు రాని జట్టు ఎంత గెలిచినా 'తేలిక జట్లతోనే కదా' అన్న మాట పడుతూనే ఉంటుంది. పిలవనిదీ వాళ్లే, రాలేదని మార్కులు కోసేదీ వాళ్లే. కర్ణాటకలో భాషా మైనారిటీలుగా ఉంటున్న మనకు ఈ తర్కం అర్థం కావడానికి క్రికెట్ అక్కర్లేదు.

షెడ్యూల్ ఎవరి చేతిలో ఉంది?

చాంపియన్‌షిప్ షెడ్యూల్‌ను ఐసీసీ లాటరీ తీసి ఇవ్వదు. ఏ రెండు బోర్డులు ఎన్ని మ్యాచ్‌లు ఆడాలో అవి రెండూ మాట్లాడుకుని కుదుర్చుకుంటాయి. మాట ఎవరిది చెల్లుతుందో ఊహించుకోవచ్చు. భారత్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఒకరితో ఒకరు ఐదు టెస్టులు ఆడతాయి. టీవీ హక్కుల డబ్బు అక్కడుంది. మిగతావాళ్లతో ఎక్కువగా రెండు. 2024-27 కాలానికి ఐసీసీ ఆదాయంలో ఒక్క బీసీసీఐ వాటాయే 38.5 శాతం వరకు ఉంటుందని వార్తలు వచ్చాయి. 2025-27 చక్రంలో ఆస్ట్రేలియాకు 22 టెస్టులు, మనకు 18. శ్రీలంక, బంగ్లాదేశ్‌లకు పన్నెండేసి.

దక్షిణాఫ్రికా రెండేసి టెస్టులే ఆడటంలో వాళ్ల బోర్డు పాపం కూడా ఉంది. టెస్టులతో నష్టం, లీగ్‌తో లాభం అని లెక్కేసుకున్నారు. కానీ ఆస్ట్రేలియాను రమ్మంటే ఏమైందో కూడా చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో కొవిడ్ కారణంగా ఆస్ట్రేలియా తన దక్షిణాఫ్రికా పర్యటనను వాయిదా వేసుకుంది. మూడు టెస్టులు పోయాయి. అది మళ్లీ ఆ చక్రంలో జరగలేదు. అలాంటి జట్టు 2025 జూన్‌లో లార్డ్స్‌లో అదే ఆస్ట్రేలియాతో ఎట్టకేలకు ఆడి ఐదు వికెట్ల తేడాతో గెలిచింది. మార్‌క్రమ్ 136. కెప్టెన్ టెంబా బవుమా తొడ కండరం పట్టేసినా కుంటుతూనే పరుగులు తీశాడు. 'తేలిక షెడ్యూల్' అన్నవాళ్లకు ఆ రోజు లార్డ్స్‌లో ఒక జవాబు, నవంబరులో గువాహటిలో ఇంకో జవాబు దొరికాయి. తేలిక జట్లతో ఆడిన జట్టు తేలిక జట్టే కానక్కర్లేదు. దానికి గట్టి మ్యాచ్‌లు ఇవ్వలేదంతే.

రెండు టెస్టుల సిరీస్ వల్ల ఏం పోతుందో 2024 జనవరి ఒక్క నెలలోనే రెండుసార్లు చూశాం. కేప్‌టౌన్‌లో మన హైదరాబాద్ సిరాజ్ 15 పరుగులకు 6 వికెట్లు తీస్తే దక్షిణాఫ్రికా 55కే ఆలౌటైంది. 642 బంతుల్లో ముగిసిన ఆ టెస్టు, ఫలితం తేలినవాటిలో అన్నిటికంటే చిన్నది. సిరీస్ 1-1. మూడో టెస్టు లేదు, సర్దుకుని ఇంటికి వచ్చేశారు. అదే నెలాఖరులో బ్రిస్బేన్ గబ్బాలో వెస్టిండీస్ ఎనిమిది పరుగుల తేడాతో ఆస్ట్రేలియాను ఓడించింది. గయానాలో పడవ మీద తప్ప చేరుకోలేని బరాకరా అనే పల్లె నుంచి వచ్చి, అంతకుముందు సెక్యూరిటీ గార్డుగా పనిచేసిన షమార్ జోసెఫ్, బొటనవేలి నొప్పితోనే ఏడు వికెట్లు తీశాడు. ఆ సిరీస్ కూడా 1-1. అక్కడా మూడో టెస్టు లేదు. ప్రపంచమంతా టీవీల ముందుకు వచ్చిన రోజే సిరీస్ ముగిసిపోయింది. ఐదు టెస్టుల యాషెస్‌లో అయితే మొదటి రెండు మ్యాచ్‌లు ఓడినా కోలుకోవడానికి వీలుంటుంది. 2023లో ఇంగ్లండ్ అలాగే 0-2 నుంచి 2-2కి వచ్చింది. వెస్టిండీస్‌కు ఆ వెసులుబాటు లేదు.

ఇదంతా సరిదిద్దకుండా 2025 మొదట్లో టెస్టు జట్లను రెండు శ్రేణులుగా విడదీయాలన్న ఆలోచన ముందుకు వచ్చింది. పైన ఉన్నవాళ్లు పైవాళ్లతో, కింద ఉన్నవాళ్లు కిందివాళ్లతో. క్లైవ్ లాయిడ్ బహిరంగంగానే వ్యతిరేకించారు. మేమూ ఆ పక్షమే. ఎందుకో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, మన రంజీ ట్రోఫీలో ఆ పద్ధతి ఉంది. ఎలైట్, ప్లేట్ అని రెండు అంతస్తులు.

2022-23లో హైదరాబాద్ జట్టు ఏడు మ్యాచ్‌ల్లో ఆరు ఓడి ప్లేట్‌కు జారింది. రెండుసార్లు రంజీ గెలిచిన జట్టు, గులాం అహ్మద్, జయసింహ, అజహర్, లక్ష్మణ్‌ల జట్టు, మరుసటి ఏడాది ఈశాన్య రాష్ట్రాలతో ఆడాల్సి వచ్చింది. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 181 బంతుల్లో 366 కొట్టాడు. 26 సిక్సర్లు. 147 బంతుల్లోనే 300 దాటి ప్రపంచ రికార్డు. రికార్డు పుస్తకాల్లో ఆ పరుగులకు పూర్తి విలువ ఉంది. సెలెక్టర్ల పుస్తకంలో ఎంత? అరుణాచల్ బౌలింగ్ మీద కదా అని పెదవి విరిచేస్తారు. నిజమే కావచ్చు. కానీ ఆ ఏడాది అతనికి ఎలైట్ బౌలర్లు ఎదురయ్యే దారే లేదు. జట్టు జారడంలో తప్పెవరిదైనా, అతని సంవత్సరం మాత్రం పోయింది. అదే సీజన్‌లో ఎలైట్‌లో ఉన్న ఆంధ్ర జట్టు క్వార్టర్ ఫైనల్‌లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్ చేతిలో నాలుగు పరుగుల తేడాతో ఓడింది. ఆ ఓటమిలో ఆడిన కుర్రాడి 50 పరుగుల్ని ఎలా తూకం వేస్తారు, ఈ 366ను ఎలా తూకం వేస్తారు?

ఐపీఎల్ గురించి ఒక్క మాట. పది జట్లు, ఒక్కొక్కరికి 14 మ్యాచ్‌లు, కొందరితో రెండుసార్లు, కొందరితో ఒక్కసారి. 2025లో లీగ్ దశలో ఆర్సీబీ, సన్‌రైజర్స్ ఒక్కసారే తలపడ్డాయి. అదీ బెంగళూరులో జరగాల్సింది వానల భయంతో లక్నోకు పోయింది. టికెట్ కొనుక్కుని రెండు జెర్సీల మధ్య నలిగిపోదామనుకున్న మన తెలుగువాళ్ల సరదా తీరలేదు. అక్కడ జట్ల బలం వేలంలో ఏటా సర్దుకుంటుంది కాబట్టి ఈ తేడా పెద్ద నష్టం చేయదు. టెస్టుల్లో అలా సర్దుకునే ఏర్పాటు లేదు.

కాబట్టి లెక్క మార్చమని కాదు మా మాట, షెడ్యూల్ మార్చమని. ఏ సిరీస్‌కైనా కనీసం మూడు టెస్టులు. రెండు చక్రాల్లో, అంటే నాలుగేళ్లలో, ప్రతి జట్టూ మిగతా ప్రతి జట్టుతో ఒక్కసారైనా ఆడాలి. టెస్టులు పెట్టి నష్టపోయే బోర్డులకు ఆ నష్టం ఐసీసీ ఉమ్మడి ఆదాయం నుంచి భర్తీ కావాలి. ఆఖరిది పెద్ద బోర్డులకు రుచించదు, తెలుసు. ఐసీసీ అధ్యక్షుడిగా ఇప్పుడు ఉన్నది మన జై షానే కాబట్టి అడగాల్సింది కూడా మనమే. 'మన బోర్డు డబ్బు ఎందుకివ్వాలి' అనేవాళ్లు, ప్రత్యర్థి లేకుండా ఆ డబ్బు ఎలా వస్తుందో కూడా చెప్పాలి. ఫైనల్ సంగతి మరోటి. ఇప్పటిదాకా జరిగిన మూడు ఫైనల్స్ ఇంగ్లండ్‌లోనే. రాబోయే మూడూ అక్కడేనని ఐసీసీ ఇప్పటికే ప్రకటించింది.

పాకిస్థాన్‌తో సిరీస్ విషయం బోర్డుల చేతిలో లేదు, ప్రభుత్వాల చేతిలో ఉంది. దాని మీద ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది. కానీ నాలుగు చక్రాలుగా తొమ్మిది జట్ల పోటీలో రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడకుండానే పట్టిక తయారవుతోందని మాత్రం ఒప్పుకోవాలి.

మన లెక్కకు వస్తే ఈ చక్రంలో తొమ్మిది టెస్టులు అయిపోయాయి, తొమ్మిది మిగిలాయి. శ్రీలంకలో రెండు, న్యూజిలాండ్‌లో రెండు, 2027 మొదట్లో ఆస్ట్రేలియాతో ఇక్కడ ఐదు. ఆ ఐదు గెలిస్తే ఫైనల్‌కు దారి ఉన్నట్టే. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా, ఆఖరి వికెట్‌గా వచ్చిన సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకుని అతని సెంచరీకి దారి ఇచ్చాడు. ఆ మ్యాచ్ ఓడాం. అయినా ఐదు టెస్టుల సిరీస్ కాబట్టి వారం తిరక్కుండానే సిడ్నీలో మళ్లీ బరిలో దిగే అవకాశం ఆ ఇద్దరికీ దొరికింది.

చిన్నస్వామిలో తొలి టెస్టు ఆడిన అఫ్గాన్లు 2019 సెప్టెంబరులో చట్టోగ్రామ్‌లో బంగ్లాదేశ్‌ను 224 పరుగుల తేడాతో ఓడించారు. అప్పటికి చాంపియన్‌షిప్ మొదలై నెల దాటింది. ఓడిన బంగ్లాదేశ్ పట్టికలో ఉంది. గెలిచిన అఫ్గానిస్థాన్ లేదు. ఆ మ్యాచ్‌కు పాయింట్లు ఎవరికీ రాలేదు.